వాసన పోవడం వేరు, గాలి బాగుపడడం వేరు

"వాసన పోయిందక్కా, ఇక పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టొచ్చు కదా?" అని మా తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. పిల్లల గదికి కొత్తగా పని చేయించాడు. ఒక గోడ పొడవునా వార్డ్‌రోబ్, చదువుకునే బల్ల, కింద సొరుగులున్న మంచం, పైన ఫాల్స్ సీలింగ్, గోడలకి కొత్త రంగు. పని అయిన కొత్తలో ఆ గదిలో కాసేపు కూర్చుంటే కళ్ళు మండేవి. "వారం పది రోజులు కిటికీలు తీసి ఉంచండి, అదే పోతుంది" అని ఇంటీరియర్ పని చేసినాయన చెప్పాడట. తీసి ఉంచారు. వాసన తగ్గింది. చిన్నదానికి మాత్రం ఆ గదిలో పడుకున్న రోజుల్లో పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి, ముక్కు దిబ్బడేస్తోంది. అలర్జీ కావచ్చని డాక్టర్ అన్నారు. దేనికో తేలలేదు.

ఆ పిల్ల కళ్ళు ఎర్రబడడానికి ఆ గదే కారణమని నేను చెప్పలేను. పిల్లలకి ముక్కు దిబ్బడ సవాలక్ష కారణాలతో వస్తుంది. నన్ను ఆలోచనలో పడేసింది తమ్ముడి ప్రశ్న. వాసన ఉంటే ప్రమాదం, వాసన పోతే క్షేమం అన్న లెక్క మనందరి మనసుల్లో అంత గట్టిగా పాతుకుపోయింది. కాంట్రాక్టర్‌దీ అదే లెక్క, రంగుల ప్రకటనలదీ అదే. ఈ లెక్క తప్పని నా అభిప్రాయం. అంతకంటే ముఖ్యంగా, ఇది బాధ్యతను తప్పు చోటికి తోసేస్తుంది. సరుకు అమ్మినవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. కిటికీ తీశావా లేదా అని ఇంట్లోవాళ్ళనే అడుగుతాం.

రంగు వాసన, బోర్డు వాసన

కొత్త గదిలో వచ్చే వాసనలన్నీ ఒక జాతివి కావు. రంగులు, వార్నిష్, థిన్నర్, కొన్ని రకాల జిగుర్లలో టొల్యూన్, జైలీన్ లాంటి ద్రావకాలుంటాయి. వాటి పనే ఆవిరైపోవడం. ఆరేటప్పుడు గుప్పుమని వస్తాయి, పూర్తిగా ఆరాక కొద్ది రోజుల్లోనో వారాల్లోనో బాగా తగ్గిపోతాయి. ఈ వరకూ కాంట్రాక్టర్ చెప్పింది నిజమే. కిటికీలు తీసి ఉంచితే మేలు జరుగుతుంది.

బోర్డు సంగతి అలా కాదు. పార్టికల్ బోర్డుకి చెక్క ముక్కలు, ఎండీఎఫ్‌కి చెక్క పీచు, ప్లైవుడ్‌కి పలచటి చెక్క పొరలు కావాలి. వీటిని అతికించి ఉంచేది ఎక్కువగా యూరియా-ఫార్మాల్డిహైడ్ రెసిన్ అనే జిగురు. చవక, త్వరగా గట్టిపడుతుంది, మరకలా కనిపించదు. ఫ్యాక్టరీకి ఇంతకంటే అనుకూలమైనది దొరకడం కష్టం. దీని బలహీనత నీళ్ళు. గాలిలోని తేమ తగులుతూ ఉంటే ఈ రెసిన్ బంధాలు మెల్లమెల్లగా విడిపోయి, ఏ ఫార్మాల్డిహైడ్‌తో తయారైందో, కళ్ళనీ ముక్కునీ మండించే ఆ వాయువునే తిరిగి వదులుతాయి. ఆరి ఆగిపోయే వ్యవహారం కాదిది. మొదటి నెలల్లో ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ, ఏళ్ళ తరబడి సాగుతుంది. వేడి పెరిగితే పెరుగుతుంది, తేమ పెరిగితే పెరుగుతుంది. చల్లటి రోజుల్లో ఏ వాసనా లేని అల్మరా తలుపు తీస్తే, ఉక్కపోత మొదలయ్యాక మళ్ళీ ఘాటుగా తగలడానికి కారణం ఇదే.

పైగా ముక్కుని నమ్మలేం. ఫార్మాల్డిహైడ్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంటి లోపలి గాలికి పెట్టిన పరిమితి ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము, అది కూడా ఏ అరగంట సగటు తీసుకున్నా దాటకూడదని. ఆ మోతాదులో చాలామంది ముక్కుకి ఏమీ తెలియదు. కొందరికి అంతకంటే తక్కువకే తెలుస్తుంది, కొందరికి దానికి ఎన్నో రెట్లున్నా తెలియదు. తెలిసినవాళ్ళకి కూడా అదే గదిలో కొంతసేపు ఉండేసరికి అలవాటైపోతుంది. ఇంట్లో ఉండేవాళ్ళు "వాసనేం లేదే" అంటారు, బయటి నుంచి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ముక్కు నలుపుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. రంగు వేసిన రోజుల్లో లేచిన ఆవిర్లు అన్నీ బయటికి పోవు. పరుపులు, కర్టెన్లు, కార్పెట్లు, జిప్సమ్ బోర్డు వాటిని కొంత పీల్చుకుని, తర్వాత తీరిగ్గా వదులుతాయి. అందుకే రంగులు ఆరకముందే పరుపులు, బట్టలు ఆ గదిలోకి చేర్చడం మంచిది కాదు. ఈ చిన్న విషయం ఏ పెయింటరూ చెప్పగా నేను వినలేదు.

'జీరో వీఓసీ' ఎవరి కోసం పుట్టింది

తమ్ముడు అజాగ్రత్తపరుడు కాదు. 'జీరో వీఓసీ', అంటే తేలిగ్గా ఆవిరయ్యే కర్బన రసాయనాలు లేవని రాసి ఉన్న రంగే కావాలని పట్టుబట్టి, కాస్త ఎక్కువ పెట్టి కొన్నాడు. పాత రోజుల థిన్నర్ రంగులతో పోలిస్తే ఇవి నిజంగా మెరుగు, అందులో సందేహం లేదు. కానీ ఆ మాట డబ్బా మీదికి ఏ దారిన వచ్చిందో చూస్తే, దాని మీద మనం పెట్టుకున్న నమ్మకం ఎక్కువైందని అర్థమవుతుంది.

రంగుల్లోని వీఓసీల మీద అమెరికాలో పరిమితులు మొదలైంది పడకగది గాలిని దృష్టిలో పెట్టుకుని కాదు. ఈ ఆవిర్లు బయటి గాలిలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, ఎండ తగిలి, ఓజోన్‌ని పుట్టిస్తాయి. నగరాల మీద కమ్ముకునే ఆ కాలుష్యాన్ని తగ్గించడానికి పుట్టిన నియమాలవి. కాబట్టే ఓజోన్ తయారీలో పెద్దగా పాత్ర లేని ఎసిటోన్ లాంటివి అక్కడి నిర్వచనం ప్రకారం వీఓసీలే కావు. యూరప్ 2004లో రంగుల మీద తెచ్చిన డైరెక్టివ్ ఉద్దేశమూ ఓజోనే. అక్కడ 250 డిగ్రీల లోపు మరిగేవాటినే వీఓసీ అన్నారు. రంగు పొర సమంగా కలిసిపోవడానికి వాడే కొన్ని పదార్థాలు దానికి కాస్త పైన మరుగుతాయి. లెక్కలోకి రావు, కానీ నిదానంగా ఆవిరవుతాయి కాబట్టి గదిలో మరింత కాలం ఉంటాయి. తెల్ల రంగు డబ్బాకి పరీక్ష చేసి, షాపులో షేడ్ కోసం కలిపే టింట్‌ని మర్చిపోవడం ఇంకో కథ. ఇంటికొచ్చే డబ్బాలో ఆ టింట్ కూడా ఉంటుంది.

నాకు దీనికంటే పెద్ద అభ్యంతరం మరొకటుంది. రంగు డబ్బా మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి బోర్డు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వేయాలని ఎవరూ అతనికి చెప్పలేదు. బిల్లు పంపమంటే పంపాడు. అందులో "ఎండీఎఫ్ 18 ఎంఎం" అని ఉంది, పక్కన షీట్ల సంఖ్య ఉంది. ఏ ఎమిషన్ తరగతి (ఫార్మాల్డిహైడ్ ఎంత వదులుతుందో చెప్పేది), ఏ రెసిన్, ఎవరి తయారీ, ఏమీ లేదు. కాంట్రాక్టర్‌ని అడిగితే "మంచి క్వాలిటీదేనండీ, అందరికీ ఇదే వేస్తాం" అన్నాడు. దాచిపెట్టాలని కాదు, అతనికీ తెలియదు. అతనికి సరఫరా చేసినవాళ్ళూ చెప్పలేదు. లామినేట్ అతికించేశాక లోపల ఉన్నదేమిటో ఎవరికీ కనిపించదు. రంగుకి పేరుంది, ప్రకటన ఉంది, డబ్బా మీద ముద్ర ఉంది. గదిలో చదరపు మీటర్ల లెక్కన చూస్తే రంగుతో పోటీపడేంత ఉన్న బోర్డుకి ఏదీ లేదు.

23 డిగ్రీల గది

సరే, తరగతి రాసి ఉన్న బోర్డే కొన్నామనుకుందాం. యూరప్‌లో చిరకాలంగా వాడుకలో ఉన్నది ఈ1. ఆ తరగతి దక్కాలంటే పరీక్ష గదిలో గాలిలోని ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరుకి 0.124 మిల్లీగ్రాము దాటకూడదు. మంచిదే. ఆ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, గాలిలో తేమ 45 శాతం, ప్రతి ఘనపు మీటరు గాలికి ఒక చదరపు మీటరు బోర్డు, గంటకోసారి గదిలోని గాలి మొత్తం మారుతుంది.

ఇలాంటి పడకగదిలో ఎందరు నిద్రపోతున్నారు? ఎండ తగిలే గోడకి ఆనించిన వార్డ్‌రోబ్ లోపల వేడి 23 దగ్గర ఆగదు. పది డిగ్రీలు పెరిగితే ఫార్మాల్డిహైడ్ విడుదల రెండు మూడింతలు అవుతుంది. తేమ ఎక్కువున్న చోట అది ఇంకా పెరుగుతుంది. రాత్రి తలుపులు, కిటికీలు బిగించిన గదిలో గంటకి సగం గాలి కూడా మారకపోవచ్చు. చాలామందికి తెలియని విషయం, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. చల్లగా ఉంది కాబట్టి తాజాగా ఉందనుకుంటాం.

ఇక్కడ సాంకేతికంగా ఒక మాట చెప్పాలి. గాలి మారడం సగానికి తగ్గితే మోతాదు సరిగ్గా రెట్టింపు కాదు. గాలిలో పేరుకునే కొద్దీ బోర్డు వదలడమూ కొంత నెమ్మదిస్తుంది. ఇది ఊరటే. కానీ దీని రెండో ముఖం కూడా చూడాలి. కిటికీ తీసి గాలి పలచన చేస్తే బోర్డు ఆ ఖాళీని పూరించడానికి మరింత వదులుతుంది. కిటికీ వల్ల ఆ పూటకి ఉపయోగం తప్పకుండా ఉంది. వారం రోజులు తీసి ఉంచినంత మాత్రాన బోర్డులోని నిల్వ ఖాళీ అవుతుందనుకోవడం కుదరదు. అదే కారణంతో, గదిని హీటర్లతో బాగా వేడెక్కించి ఆవిర్లన్నీ ఒకేసారి తరిమేసే పద్ధతి ద్రావకాల మీద పనిచేసినంతగా ఫార్మాల్డిహైడ్ మీద పనిచేయదు.

ఇంకో లోపం, ఒక్కో షీట్ విడిగా పాసవుతుంది కానీ గదికి ఎవరూ పరీక్ష పెట్టరు. చిన్న గదిలో వార్డ్‌రోబ్, బల్ల, మంచం, గోడకి ప్యానెల్ కలిపి లోపలి వైపులు, వెనక వైపులు అన్నీ కొలిస్తే ప్రయోగశాల అనుకున్న దానికంటే బోర్డు ఎక్కువే తేలుతుంది. లామినేట్ వేసిన ముఖం బాగా అడ్డుకుంటుంది. కోసి వదిలేసిన అంచులు, స్క్రూ రంధ్రాలు, గోడ వైపు కనిపించదని ఏమీ వేయకుండా వదిలేసిన వెనక భాగం, వీటి నుంచే ఎక్కువ వస్తుంది.

ఇంత భయం అవసరమా?

ఈ ప్రశ్న నేను కూడా చాలాసార్లు వేసుకున్నాను. ఇది రాయడానికి వెనకాడింది కూడా అందుకే. ఇంట్లో ప్రతి వస్తువూ విషమే అని భయపెట్టి ఏదో ఒకటి అమ్ముకునేవాళ్ళకి కొదవ లేదు. ఆ గుంపులో చేరాలని లేదు.

ఫార్మాల్డిహైడ్ మన ఒంట్లోనే నిత్యం తయారవుతుంది, ఖర్చవుతుంది. పచ్చి చెక్క కూడా కొద్దిగా వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. ఈ మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదని, ప్రమాదం ఎంత పెద్దదని కాదు. ఆ సాక్ష్యం కూడా ఎక్కువగా ఫ్యాక్టరీ కార్మికుల నుంచి, శవాలు పాడవకుండా ద్రవం ఎక్కించే పనివాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళు పీల్చింది మామూలు ఇళ్ళలో ఉండేదానికి ఎన్నో రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 0.1 మిల్లీగ్రాము పరిమితిని కళ్ళు, ముక్కు మంటలు రాకుండా చూసేందుకు పెట్టి, దాని లోపల ఉంటే దీర్ఘకాలిక ప్రమాదాల నుంచి కూడా రక్షణ ఉంటుందని భావించింది. మోతాదు తక్కువుంటే భయపడనవసరం లేదన్నమాట.

దీనికంటే బలమైన వాదన ఇంకోటుంది. అమెరికా ఇళ్ళలోని గాలి కాలుష్యాల వల్ల ఆరోగ్యానికి ఎంత నష్టమో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరిశోధకులు 2012లో లెక్క కట్టారు. పొగాకు పొగ, నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పక్కన పెడితే, నష్టంలో అత్యధిక భాగం మూడింటిదే అని తేలింది. పీఎం 2.5 అనే సన్నటి ధూళి కణాలు, అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్. మొదటి రెండూ వంటగదిలో కూడా పుడతాయి. నూనె బాగా కాగితే అక్రోలీన్ వస్తుంది. కాబట్టి ఎవరైనా "నా దగ్గరున్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది, బోర్డులు మార్చనా, వంటగదిలో మంచి ఎగ్జాస్ట్ పెట్టించనా?" అని అడిగితే, ఎగ్జాస్టే పెట్టించమంటాను. ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్ళుంటే ముందు అది ఆపమంటాను.

మరి ఇంత దూరం వచ్చి బోర్డు గురించి ఎందుకు వాదిస్తున్నాను? ఆ లెక్కలో మూడో పేరు ఫార్మాల్డిహైడే కాబట్టి. ఇంకా, పొగ కంటికి కనిపిస్తుంది, దగ్గు వస్తుంది, కిటికీ తీయాలని మనకే తోస్తుంది. బోర్డు విషయంలో కొనేవాడికి కనిపించేదీ లేదు, ఎంచుకునే అవకాశమూ లేదు. మోతాదు తక్కువుంటే భయం లేదన్న మాట సరే, తక్కువుందో లేదో ఎలా తెలుస్తుంది?

పచ్చటి లైటు

ఆ 'ఎలా తెలుస్తుంది' కోసం తమ్ముడు ఒక మీటర్ తెప్పించాడు. చేతిలో ఇమిడే పెట్టె, తెర మీద రెండు అంకెలు, టీవీఓసీ (వీఓసీలన్నీ కలిపి) ఇంత, ఫార్మాల్డిహైడ్ ఇంత. పచ్చ లైటు వెలుగుతుంటే అందరికీ ప్రాణం కుదుటపడింది. నేను వెళ్ళిన రోజున పిల్లాడు పక్కనే నిలబడి చేతులకి శానిటైజర్ రాసుకున్నాడు. ఫార్మాల్డిహైడ్ అంకె ఎగిరి ఎరుపులోకి పోయింది. కాసేపటికి దిగింది. వార్డ్‌రోబ్ సొరుగులో పెట్టి మూసి, కొంతసేపయ్యాక తీస్తే మాత్రం గదిలో చూపించినంతే చూపించింది. ఆ సొరుగు తెరిచిన మా ఇద్దరికీ కళ్ళు చురుక్కుమన్నాయి.

చవక మీటర్లలోని సెన్సర్లు ఆల్కహాల్‌నీ సెంటునీ చూసి కూడా స్పందిస్తాయి. నిపుణులు చేత పట్టుకుని తిరిగే, అతినీలలోహిత దీపంతో ఆవిర్లని పసిగట్టే పీఐడీ పరికరాలు కూడా మామూలుగా వాడే దీపంతో ఫార్మాల్డిహైడ్‌ని చూడలేవు. దాన్ని అయనీకరించేంత శక్తి ఆ దీపం కాంతికి ఉండదు. టీవీఓసీ కొలిచే సాధారణ ల్యాబ్ పద్ధతిలోనూ అది పట్టుబడదు. ఫార్మాల్డిహైడ్‌ని పట్టుకునే డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూత ఉన్న గొట్టంలోకి గంటల తరబడి గాలి లాగి, ల్యాబ్‌లో విశ్లేషిస్తే నికరమైన లెక్క వస్తుంది. ఆ పని ఎన్ని ఇళ్ళలో జరుగుతుంది? తప్పుడు పచ్చ లైటు కంటే మీటర్ లేకపోవడమే నయమని నాకనిపిస్తుంది. మీటర్ లేనివాళ్ళు కనీసం కళ్ళ మంటని నమ్ముతారు.

ఎయిర్ ప్యూరిఫైయర్ గురించి కూడా అడుగుతారు. హెపా ఫిల్టర్ ధూళి కణాలకి అద్భుతంగా పనిచేస్తుంది, వాయువులు దానిలోంచి దూరిపోతాయి. యాక్టివేటెడ్ కార్బన్ టొల్యూన్ లాంటివాటిని పట్టుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ చిన్న అణువు, మామూలు కార్బన్‌కి సరిగ్గా చిక్కదు. దానికోసం ప్రత్యేకంగా రసాయనం కలిపిన కార్బన్ కావాలి, అదీ కిలోల లెక్కన. ఓజోన్ వదిలి గాలి శుభ్రం చేస్తామనే యంత్రాలు అయితే ఇంట్లోకి రానివ్వకూడదు. ఓజోన్ నిమ్మ, పైన్ వాసనల క్లీనర్లలోని టెర్పీన్లతో కలిసి కొత్తగా ఫార్మాల్డిహైడ్‌నీ సన్నటి కణాలనీ పుట్టిస్తుంది.

మొక్కల మాట వస్తే, అవి గాలిని శుభ్రం చేస్తాయంటూ 1989 నాటి నాసా నివేదికని ముందు పెడతారు. అవి మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు అప్పటివరకు వచ్చిన ఇలాంటి ప్రయోగాలన్నిటినీ మళ్ళీ లెక్కలు వేశారు. భవనంలో సహజంగా గాలి మారడం వల్ల జరిగే శుభ్రతతో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. మొక్కలు పెంచుకోండి, అందంగా ఉంటాయి.

జర్మన్ పరిశుభ్రతా శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే ఈ సంగతి తేల్చేశాడని చెబుతారు. గదిలో పేడకుప్ప ఉంటే గాలి ఆడించి కంపు పోగొట్టాలని చూడొద్దు, కుప్పని తీసేయండి అన్నాడట. గాలి మారడం మీద పరిశోధనకి పునాది వేసిన మనిషి నోట ఆ మాట రావడం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

ఎక్కడ ఆపాలి

తీసేయడం అంటే ఇళ్ళలో బోర్డు వాడొద్దనా? కాదు. గట్టి కలప అందరికీ అందదు, ఇన్ని ఇళ్ళకి సరిపడా అడవులూ లేవు. తక్కువ ఖర్చులో అల్మరా వచ్చిందంటే ఆ బోర్డు వల్లే. దాన్ని కొనేవాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రెసిన్ మార్చుకోవచ్చు. ఫినాల్-ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లైవుడ్ తేమకి అంత తేలిగ్గా విడిపోదు కాబట్టి చాలా తక్కువ వదులుతుంది. యూరియా రెసిన్‌కే మెలమిన్ కలిపి మెరుగుచేస్తారు. ఎండీఐ రెసిన్‌లో ఫార్మాల్డిహైడే ఉండదు. కానీ అది ఐసోసైనేట్ అనే జాతి రసాయనం, గట్టిపడేవరకు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులకి ప్రమాదం. మన పడకగది ప్రమాదాన్ని తీసుకెళ్ళి మరొకరి పని చోట పెట్టడం పరిష్కారం కాదు. కాబట్టి ఫ్యాక్టరీ లోపలి నియమాలు కూడా ఇందులో భాగమే.

చట్టం ఉంటే మారుతుందా అంటే, మారింది. జపాన్‌లో కొత్త ఇళ్ళలో చేరినవాళ్ళకి తలనొప్పి, కళ్ళ మంటలు వస్తున్నాయని గోల మొదలై, 'సిక్ హౌస్' అనే పేరే వాడుకలోకి వచ్చింది. 2003 జూలై నుంచి అక్కడి భవన నిర్మాణ చట్టం బోర్డులకి, వదిలేది ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ నక్షత్రాల గుర్తులతో, తరగతులు పెట్టింది. నాలుగు నక్షత్రాలున్న బోర్డు ఎంతైనా వాడుకోవచ్చు. మూడు, రెండు నక్షత్రాలవి గది విస్తీర్ణాన్ని బట్టి ఇంతే వాడాలి. అంతకంటే నాసివి లోపల వాడకూడదు. ఇళ్ళలో గంటకి కనీసం సగం గాలి మార్చే యాంత్రిక వెంటిలేషన్ తప్పనిసరి చేసింది. నాకు ఈ చట్టంలో నచ్చింది, అది సరుకునీ, వాడిన విస్తీర్ణాన్నీ, గాలినీ కలిపి చూసింది. విడివిడిగా పాసైన షీట్లన్నీ కలిసి గదిని పాడుచేసే లోపాన్ని గుర్తించింది.

అమెరికాలో దీనికి మూల్యం చెల్లించింది పేదవాళ్ళు. 2005లో కత్రినా తుఫాను ఇళ్ళు ఊడ్చేశాక, ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్లలో వేలాది కుటుంబాలు ఉన్నాయి. చిన్న గదులు, నిండా బోర్డు, తక్కువ గాలి. కళ్ళ మంటలు, శ్వాస ఇబ్బందుల ఫిర్యాదులు చాలాకాలం నడిచాక, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007 డిసెంబరు, 2008 జనవరిలో 519 ట్రెయిలర్లలో కొలిచింది. సగటు 77 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 77 భాగాలు), అత్యధికం 590. అది చలికాలపు లెక్క. వేసవిలో ఇంకా ఎక్కువుండేదని ఆ కేంద్రమే చెప్పింది. కాలిఫోర్నియా 2007లో బోర్డుల మీద పరిమితులు ఆమోదించింది, 2010లో అవి దేశం మొత్తానికి చట్టమయ్యాయి. ఆ తర్వాత కాలిఫోర్నియాలో కట్టిన కొత్త ఇళ్ళలో కొలిస్తే ఫార్మాల్డిహైడ్ అంతకుముందు కట్టినవాటి కంటే బాగా తగ్గింది. ఆ ఇళ్ళవాళ్ళు కిటికీలు ఎక్కువ తీశారని కాదు, బోర్డు మారింది. యూరప్ కూడా ఈ1 దగ్గర ఆగిపోకుండా, 2026 ఆగస్టు నుంచి వర్తించేలా, ఫర్నిచర్, చెక్క బోర్డు వస్తువులకి పరిమితిని 0.062 మిల్లీగ్రాములకి, అంటే సరిగ్గా సగానికి తగ్గించింది.

తమ్ముడికి నేను చెప్పినవి మామూలు పనులే. పిల్లల్ని కొన్నాళ్ళు వేరే గదిలో పడుకోబెట్టమన్నాను. సొరుగులు, తలుపులు తెరిచి ఉంచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో రోజూ గాలి మార్చమన్నాను. గదిలో తేమ తగ్గించమన్నాను. కార్పెంటర్‌ని పిలిచి, వదిలేసిన అంచులకి బ్యాండింగ్, వెనక భాగాలకి సీలర్ వేయించమన్నాను. ఆ పనులు చేశాక సొరుగులో ఘాటు తగ్గింది. పూర్తిగా పోలేదు.

వచ్చిన కార్పెంటర్ చాలా అనుభవం ఉన్నవాడు. తలుపు మూసిన గదిలో, మాస్క్ లేకుండా, ఎండీఎఫ్ కోస్తున్నాడు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. "తలుపు తీసుకో బాబూ" అంటే, "దుమ్ము ఇల్లంతా పోతుందమ్మా, మాకు అలవాటైపోయింది" అన్నాడు. ఈ చర్చలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అతనే. మేం ఆ గదిని కొన్నాళ్ళు ఖాళీగా ఉంచుకోగలిగాం. అతను రోజూ కొత్త బోర్డే కోస్తాడు, ఎప్పుడూ కొత్త గదిలోనే ఉంటాడు. కిటికీ తీయండి, వారం ఆగండి అనే సలహా అతనికి ఏ రకంగానూ వర్తించదు. ఫర్నిచర్ అమర్చి అద్దెకిచ్చిన ఇంట్లో దిగేవాళ్ళకీ, హాస్టల్ గదిలో ఇద్దరు ముగ్గురు కలిసి సర్దుకునే పిల్లలకీ కూడా అంతే. వాళ్ళు ఆ బోర్డు కొనలేదు, ఎంచుకోలేదు, మార్చే అధికారమూ లేదు.

అందుకే నా దృష్టిలో అడగాల్సినవి చిన్నవే, కానీ తప్పనిసరి చేయాల్సినవి. ఎమిషన్ తరగతి ముద్ర ప్రతి షీట్ మీదా, కోసిన ముక్కల మీద కూడా కనిపించేంత దగ్గరదగ్గరగా పడాలి. అదే తరగతి బిల్లులోనూ రాయాలి. పరీక్ష 23 డిగ్రీల దగ్గరే కాక, వేడి, తేమ ఎక్కువున్న చోట్ల ఆ వాతావరణంలోనూ జరగాలి. ఇల్లు అప్పజెప్పేటప్పుడు కరెంటు, నీళ్ళ పత్రాలతో పాటు లోపల వాడిన బోర్డు, జిగురు, రంగుల వివరాలున్న కాగితం ఇవ్వాలి. ఇల్లు అద్దెకిస్తే ఆ కాగితం అద్దెకొచ్చినవాళ్ళ చేతికి వెళ్ళాలి.